ఉద్యోగం వదిలి వాటర్ కలర్ పట్టుకున్నాక నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లు పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబులో పనిచేశాను. మూడేళ్ల కిందట మానేశాను. అప్పటి నుంచి శ్రీకాకుళంలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని వాటర్ కలర్ బొమ్మలు వేస్తున్నాను. పెళ్లిళ్లలో, బజారులో, ఫోనులో నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొందరు ఊరికే అడుగుతారు. కొందరు పక్కకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడుగుతారు. ఈ జవాబులు ఆ రెండో రకం వాళ్ల కోసం.

మంచి ఉద్యోగం ఎందుకు మానేశారు? కంపెనీలో ఏమైనా గొడవా?

గొడవేం లేదు. ప్రమోషన్ వచ్చింది, అదే కారణం. నవ్వకండి, నిజమే చెబుతున్నా.

అంతకుముందు షిఫ్టులు ఉండేవి. నైట్ షిఫ్టు దిగితే కంపెనీ బస్సు పొద్దున్న ఏడింటికల్లా ఏడు రోడ్ల కూడలిలో దింపేసేది. ఇంటికి పోకుండా అటునుంచి అటే నాగావళి ఒడ్డుకి వెళ్లి, గంటన్నర బొమ్మ వేసుకుని, అప్పుడు వచ్చి పడుకునేవాణ్ని. మధ్యాహ్నం షిఫ్టు అయితే పొద్దుటి పూటంతా నాదే. ప్రమోషన్‌తో జనరల్ షిఫ్టు పడింది. ఏడున్నరకి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. బొమ్మకి కావలసిన వెలుతురంతా ఆ మధ్యలోనే అయిపోతుంది. ఎనిమిది నెలలు ట్యూబులైటు కింద వేశాను. రాత్రి బాగుందనుకున్న ఆకుపచ్చ పొద్దున్న చూస్తే బురదలా ఉండేది. ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆదివారం ఎవరింట్లో ఏ ఫంక్షన్ ఉండదు చెప్పండి.

ప్రమోషన్‌కి తోటివాళ్లు స్వీట్లు అడిగారు, పంచాను. ఏడాది తిరిగాక రాజీనామా ఇచ్చాను.

ఉద్యోగంలో టెన్షన్ పడలేకపోతున్నాను. నేను కూడా మానేసి బొమ్మలు వేసుకోనా?

వద్దు. టెన్షన్ పడలేకపోతే ఇంకో ఉద్యోగం చూసుకోండి. బొమ్మల్లో కూడా టెన్షన్ ఉంది, జీతం ఒక్కటే లేదు. ఉద్యోగం చేస్తూనే వారానికి నాలుగు రోజులైనా కుంచె పడుతున్నారా, కనీసం రెండేళ్లు అలా గడిచాయా? అయితే మాట్లాడుకుందాం. "మానేశాక మొదలుపెడతాను" అనేవాళ్లు మానేశాక ఫోను చూసుకుంటూ కూర్చుంటారు.

ఒడిశాకు చెందిన బిజయ్ బిస్వాల్ గారి పేరు చాలామంది చెబుతారు. నాగపూర్‌లో రైల్వే టికెట్ ఇన్‌స్పెక్టరుగా ఉండి, ఆ ఉద్యోగం వదిలి చిత్రకారుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. వర్షంలో తడిసిన ప్లాట్‌ఫారాలు ఆయన వేస్తే పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. "ఆయన మానేశాడు కదా" అంటారు. ఉద్యోగంలో ఉండగానే ఏళ్ల తరబడి వేశారని మాత్రం ఎవరూ అనరు.

చేతిలో ఎంత డబ్బు ఉంటే మానేయొచ్చు?

ఈ ప్రశ్నకి జవాబు మీ నెల ఖర్చులో లేదు, ఏడాది ఖర్చులో ఉంది. మొదట నేనూ పప్పులు, పాలు, కరెంటు, గ్యాసు లెక్కేసి నెలకి 22 వేలు చాలనుకున్నాను. మా ఆవిడ పెన్సిల్ తీసుకుని పక్కనే ఇంకో లెక్క రాసింది. జూన్‌లో పాప స్కూలు ఫీజు, ఎల్‌ఐసీ, సంక్రాంతి బట్టలు, బండి ఇన్సూరెన్స్, వానలకి ముందు పెంకు సర్దించడం, మాఘంలోనూ వైశాఖంలోనూ వరసపెట్టి వచ్చే పెళ్లిళ్ల చదివింపులు. అన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే నెలకి 33 వేలు తేలింది. నేను ఆ 22 వేల లెక్కతోనే మానేసి ఉంటే మొదటి జూన్‌కే మళ్లీ కంపెనీ గేటు దగ్గర నిలబడేవాణ్ని.

ఏడాదిన్నర ఖర్చు, అంటే సుమారు ఆరు లక్షలు, బ్యాంకులో వేసి పెట్టాకే రాజీనామా కాగితం రాశాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 14 వేలు. ఇల్లు సొంతం. ఈ రెండూ లేకపోతే నా ధైర్యం ఏపాటిదో నాకు తెలుసు. కాబట్టి నన్ను చూసి ఎవరూ మానేయకండి, మీ లెక్క చూసుకుని మానేయండి.

రాజీనామాకి ముందే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మీరు మానేసిన రోజుతో పోతుంది. సొంత పాలసీ కనీసం ఏడాది ముందే తీసుకోండి. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అంటే అంతవరకు ఆ జబ్బుల ఖర్చు ఇవ్వరు. ఆ గడియారం జీతం వస్తుండగానే నడవడం మొదలవ్వాలి. ఇంటి మీదో బండి మీదో లోను కావాలన్నా జీతం స్లిప్పు ఉన్నప్పుడే. "చిత్రకారుణ్ని" అంటే బ్యాంకు మేనేజరు మంచినీళ్లు ఇచ్చి పంపిస్తాడు.

పర్మనెంట్ ఉద్యోగంలో ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. నేను మానేసినప్పటి లెక్క ప్రకారం చివరి బేసిక్, డీఏ కలిపి, దాన్ని 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్లు చేశారో దానితో మళ్లీ గుణించాలి. అలా 20 వేల మీద పదకొండేళ్లకి లక్షా 27 వేల దాకా వస్తుంది. పీఎఫ్ నేను ముట్టుకోలేదు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసేస్తే దాని మీద పన్ను పడుతుంది, అది గుర్తుంచుకోండి.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. నాకేం చెబుతారు?

మన రాష్ట్రంలో ఇరవై ఏళ్ల సర్వీసు నిండితే స్వచ్ఛంద పదవీ విరమణ అడగొచ్చు. 2004 సెప్టెంబరుకి ముందు చేరినవాళ్లకైతే పాత పెన్షన్ ఉంటుంది, తరువాత చేరినవాళ్లు తమకి ఏం వస్తుందో ముందే కనుక్కోవాలి. పద్దెనిమిదో ఏడు నడుస్తున్నవాళ్లు ఆవేశపడి రాజీనామా ఇస్తే అంతకన్నా పొరపాటు ఉండదు. ఆ రెండేళ్లూ తెల్లవారుజామున లేచి వేసుకోండి.

ఇంట్లో ఏమన్నారు?

మా అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు చోడి (రాగి) అంబలి గ్లాసు నా ముందు పెట్టి, "బొమ్మలేసుకుంటే కూడెవుడెడతాడురా? నీకేటి మాయరోగం?" అంది. నేను ఏదో చెప్పబోయాను. "మీ నాన్న ముప్పై ఏళ్లు జూట్ మిల్లుకెళ్లాడు, ఒక్క నాడైనా నచ్చలేదన్నాడా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇప్పుడు ఇంట్లో పిల్లలకి బొమ్మల క్లాసు చెబుతున్నాను, వాళ్లు వచ్చేసరికి అమ్మే చాపలు పరుస్తుంది. ఉద్యోగం సంగతి మాత్రం ఎవరైనా అడిగితే "సెలవులో ఉన్నాడు" అంటుంది.

పిల్లనిచ్చిన మావయ్య గారిది వేరే పద్ధతి. ఆయన ఏమీ అనలేదు. ప్రతి పండక్కీ "మీ కంపెనీలో ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నారా బాబూ?" అని మర్యాదగా అడుగుతారు.

నెలకి ఎంత వస్తుంది?

అందరూ చివర్లో, చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్న ఇది. నా జీతం 42 వేలు ఉండేది. మానేసిన మొదటి ఏడాది కాగితం, రంగులు, పటాల ఖర్చు పోగా మిగిలింది మొత్తం లక్షా 10 వేలు. నెలకి కాదు, ఏడాదికి. రెండో ఏడాది లక్షా 90 వేలు. మూడో ఏడాది 2 లక్షల 40 వేలు.

ఆ 2 లక్షల 40 వేలలో లక్షా 30 వేలు పిల్లల క్లాసులవి, అందులోనే మే నెల సమ్మర్ క్యాంపు కూడా. 70 వేలు ఆర్డర్ల మీద వేసినవి. నాకు నేనుగా, నా ఇష్టంతో వేసి అమ్మినవి 40 వేలు. అంటే ఏ పని కోసం ఉద్యోగం మానేశానో ఆ పని నాకు నెలకి మూడు వేల చిల్లర ఇస్తోంది. బాధగా చెప్పడం లేదు, మీకు తెలియాలని చెబుతున్నాను. పాఠం చెప్పడం ఇష్టం లేనివాళ్లకి ఈ దారి ఇంకా ఇరుకు.

ఏ రంగులు, ఏ కాగితం కొనాలి?

డబ్బు తక్కువ ఉంటే కాగితం మీద పెట్టండి, రంగుల మీద తగ్గించండి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ఇరవై నాలుగు రంగుల పెట్టె కొని, చార్ట్ మీద వేసి, నీళ్లకి అది ముడుచుకుపోతే తమకి చేతకాదనుకుంటారు. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) ఉండాలి, వీలైతే నూరు శాతం కాటన్. పెద్ద షీట్ 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసుకుంటే నేర్చుకునే రోజుల్లో చక్కగా సరిపోతుంది.

రంగులు ఆరు చాలు. నా ప్లేటులో ఎక్కువ ఖర్చయ్యేవి రెండే, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగు. రెండూ కలిస్తే వచ్చే బూడిద రంగులోనే మన వర్షాకాలం ఆకాశం, నాగావళి నీళ్లు, పాత పెంకులు అన్నీ ఉన్నాయి. నీలం ఎక్కువైతే మబ్బు, సియన్నా ఎక్కువైతే ఇసుక. నల్ల ట్యూబు నేను కొనలేదు.

ఇక మన ఊరి అసలు సమస్య తేమ. దీని గురించి పుణేలోనో ఢిల్లీలోనో ఉండేవాళ్లు చెప్పరు, వాళ్లకి మనంత ఉండదు. మొదటి ఏడాది ఆఫర్‌లో వచ్చిందని ఇరవై షీట్ల ఫారిన్ కాగితం కొని బీరువా మీద పెట్టాను. శ్రావణం, భాద్రపదం గడిచాయి. దసరాకి ఒక షీట్ తీసి ఆకాశానికి వాష్, అంటే నీళ్లు కలిపిన పల్చటి రంగు పొర, వేశాను. నీలం పైన పరుచుకోవాలి కదా, కొన్ని చోట్ల అద్దుడు కాగితం మీద సిరాలా లోపలికి ఇంకిపోయింది. వందల కొద్దీ ముదురు చుక్కలు. నా చెయ్యి తప్పనుకుని రెండో షీట్ మీద వేశాను, అదే కథ. కాగితానికి ఫ్యాక్టరీలో జిలేటిన్ లాంటి పూత పెడతారు, దాన్ని సైజింగ్ అంటారు. రంగు వెంటనే ఇంకకుండా ఆపేది అదే. బూజు తినేది కూడా దాన్నే. ఎండిన కాగితం మీద కంటికి ఏమీ కనిపించదు, రంగు పడ్డాకే బయటపడుతుంది. ఇరవైలో పద్నాలుగు షీట్లు అలాగే పోయాయి. వాటి వెనకవైపు ఇప్పుడు పిల్లలు పెన్సిల్ బొమ్మలు వేస్తారు.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే పదకొండేళ్లు నేను ల్యాబులో తేమతోనే వేగాను. డెసికేటర్ అని ఒక గాజు పాత్ర ఉంటుంది, అడుగున సిలికా జెల్ గుళికలు పోస్తారు. నీలంగా ఉంటే పొడి, గులాబీ రంగుకి తిరిగితే తేమ పట్టినట్టు. ఆ సంగతి ఇంట్లో గుర్తు రాలేదు. ఇప్పుడు కాగితాలన్నీ మందపాటి పాలిథిన్ కవర్లో, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి, గుళికల సంచులు రెండు పెడతాను. గులాబీ అయితే వేడి చేసి మళ్లీ నీలం చేస్తాను. నీలం రంగు గుళికల్లో కోబాల్ట్ ఉంటుంది, మంచిది కాదు, పిల్లలకి అందనివ్వకండి.

వాటర్ కలర్ నాలుగు రోజులకే వెలిసిపోతుందట కదా?

కొన్ని రంగులు వెలుస్తాయి, కొన్ని వెలవవు. ట్యూబు మీద రంగు పేరు కాదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ (రంగునిచ్చే పదార్థం) నంబరు చూడండి. పీబీ 29 అంటే అల్ట్రామెరైన్, గట్టిది. పీఆర్ 83 అంటే పాత తరహా అలిజరిన్ క్రిమ్‌సన్, ఎండ తగిలితే పాలిపోతుంది. మందారం రంగుకి అందరూ దాన్నే వాడతారు, పాపం.

నమ్మకం కుదరకపోతే మీరే పరీక్ష పెట్టుకోండి. ఒక పొడవాటి కాగితం ముక్క మీద మీ రంగులన్నీ గీతలుగా వేసి, సగం దాకా అట్టతో మూసి, ఎండ పడే కిటికీ అద్దానికి అంటించి మూడు నెలలు వదిలేయండి. అట్ట తీసి చూస్తే ఎవరు నిలిచారో ఎవరు పోయారో తెలుస్తుంది. నా పెట్టెలోంచి మూడు ట్యూబులు అలాగే బయటికి పోయాయి.

పటం కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్యలో మౌంట్ అట్ట ఉండాలి. ఫ్రేము షాపులో చెప్పకపోతే వెనకాల ఫెవికాల్ పూసి అతికించేస్తారు. దగ్గరుండి కట్టించుకోండి.

ఆయిల్ అయితే ఎక్కువ ధర పలుకుతుంది కదా, వాటర్ కలరే ఎందుకు?

పలుకుతుంది. నాకు రాదు.

నాగావళి మీద పాత వంతెన దగ్గర ఒక మార్గశిర మాసం పొద్దున్న సంగతి చెబుతాను. మంచు కమ్మి ఉంది. ఆకాశం, నీళ్లు ఒకే తడి వాష్‌లో వేశాను. పదిహేను నిమిషాలాగి, వేలి వెనకవైపుతో తాకి చూశాను. చల్లగా తగిలింది, అంటే లోపల ఇంకా తడి ఉంది. ఉంటే ఉందిలే అని వంతెన స్తంభాలు పెట్టేశాను. కుంచెలో నీళ్లు ఎక్కువున్నాయి. స్తంభం రంగు మెల్లగా పైకి పాకి, ఆకాశంలో అంచులు చీలిన గోబీపువ్వులా విచ్చుకుంది. అలా విచ్చుకున్నాక ఇక ఎవరూ ఏమీ చేయలేరు. గేదెల్ని కడుగుతున్న ఒక పెద్దాయన గట్టెక్కి వచ్చి చూసి, "చెరిగిపోనాదేటి బాబూ?" అన్నాడు. "ఆరలేదు బాబాయ్" అన్నాను. "ఎండ రాకుండా ఏటి ఆరుతాది?" అని గేదె వీపు మీద ఒకటి చరిచి వెళ్లిపోయాడు.

ఆ బొమ్మ అమ్మలేదు. క్లాసులో పిల్లలకి చూపిస్తాను. రోహిణి కార్తెలో దీనికి పూర్తిగా తలకిందులు, కుంచె ముంచుకుని వచ్చేలోపే వాష్ ఎండి చార పడుతుంది. అప్పుడు కాగితం కింద తడి గుడ్డ పరిచి, పొద్దున్న ఏడున్నరలోపు ముగించేస్తాను.

వాటర్ కలర్ అంటే చిన్నపిల్లల వ్యవహారం అనుకునేవాళ్లు రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్లి రండి. 1897లో పుట్టి 1925లో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. అక్కడ ఆయన నీటి రంగుల ముందు నేను గంట నిలబడ్డాను.

శ్రీకాకుళంలో ఉంటే కుదురుతుందా? విశాఖో హైదరాబాదో వెళ్లాలా?

కొనేవాళ్లు ఇక్కడ తక్కువ, వేయడానికి ఉన్నది ఎక్కువ. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, శాలిహుండం కొండ మీద నుంచి కనిపించే నది, శ్రీకూర్మం మండపం, తేలినీలాపురంలో చింతచెట్ల మీద కొంగలు. ఖర్చు కూడా ఇక్కడే తక్కువ. హైదరాబాదులో అద్దె కట్టి ఏడాదికి 2 లక్షల 40 వేలతో బతకలేను.

అమ్ముడయ్యేవి మాత్రం నేను అనుకున్నవి కావు. అరసవల్లి గోపురం బాగా పోతుందనుకుని పది వేశాను, ఆరు ఇంట్లోనే ఉన్నాయి. బయట స్థిరపడిన మన జిల్లా వాళ్లు అడిగేది వాళ్ల ఊళ్లో పడగొట్టేసిన పెంకుటిల్లు. పాత ఫొటో పంపుతారు, సగం ఇల్లు తాతగారి వెనకాల దాక్కుని ఉంటుంది. మిగతా సగం ఫోనులో చెబుతారు. అరుగు ఎటు, నుయ్యి ఎటు, మునగచెట్టు ఎక్కడ. ఉద్దానం నుంచి బెంగళూరు వెళ్లిన ఒకాయన కొబ్బరితోట అడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పడగొట్టక ముందు తోట ఎలా ఉండేదో అలా కావాలన్నారు. మొదటి స్కెచ్ పంపితే చూసి, "చెట్లు మరీ నిటారుగా ఉన్నాయి, మావి గాలికి కొంచెం పడమటికి వాలి ఉండేవి" అన్నారు. వాల్చి వేశాను.

పంపడానికి హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు కోయించుకుంటాను. రంగు వైపు బయటికి ఉండేలా చుట్టి, పాలిథిన్ తొడిగి, రెండు వైపులా మూత బిగిస్తే వానలో కూడా భద్రంగా చేరుతుంది.

ఆర్డర్లు ఎలా తీసుకుంటారు? తెలిసినవాళ్లు ఫ్రీగా అడిగితే?

సగం అడ్వాన్స్, స్కెచ్ దశలో రెండు మార్పులు, రంగు పడ్డాక మార్పులు లేవు. ఇది వాట్సాప్‌లో రాసి పెడతాను. రాయని పని చేయని పనే అని ల్యాబులో అనేవారు, ఆ అలవాటు పోలేదు. ప్రతి బొమ్మ వెనకా తేదీ, కాగితం పేరు, పిగ్మెంట్ నంబర్లు కూడా రాస్తాను, బ్యాచ్ రికార్డులాగా.

చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. మీకు మీరుగా వేసిన బొమ్మ అమ్మినా దాని కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది. కానీ ఎవరో డబ్బిచ్చి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం అది వేయించుకున్నవాళ్లదే. తరువాత మీరు దాన్ని క్యాలెండర్ మీద వేసుకోవాలంటే ముందే రాయించుకోవాలి.

ఫ్రీ సంగతి అంటారా, "ఒక్క కాగితమే కదరా" అనే చిన్నాన్నలు అందరికీ ఉంటారు. పుట్టినరోజుకి పోస్టుకార్డంత బొమ్మ ఇస్తాను, అదీ నా ఇష్టం. గోడకి పెట్టేది అడిగితే ధర చెబుతాను. ఇద్దరు అలిగారు. ఒకాయన అలిగి, తరువాత డబ్బిచ్చి వేయించుకున్నారు.

ఫైన్ ఆర్ట్స్ చదవలేదు. పరవాలేదా?

నేను కెమిస్ట్రీ చదివాను. కొనేవాళ్లెవరూ డిగ్రీ అడగలేదు. పిల్లల తల్లిదండ్రులు మాత్రం డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారుచేస్తారా అని అడుగుతారు. అందుకని ఆ సిలబస్ నేర్చుకున్నాను. వయసు చిన్నదైతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఉంది, వెళ్లండి. మనిషి శరీరం గీయడం ఒంటరిగా నేర్చుకోవడం చాలా కష్టం. నా బొమ్మల్లో మనుషులు ఎప్పుడూ దూరంగా, వెనక్కి తిరిగి ఎందుకుంటారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇది నడవకపోతే మళ్లీ ఉద్యోగానికి వెళ్తారా?

వెళ్తాను. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే ఉన్నాయి. ల్యాబులో కొత్తగా ఏ మిషన్లు వచ్చాయో పాత స్నేహితుల్ని కనుక్కుంటూ ఉంటాను. ఎక్కువ ఏళ్లు గ్యాప్ వస్తే జీతం తగ్గించి అడుగుతారని కూడా వాళ్లే చెప్పారు.

మా ఆవిడకి ఒక మాటిచ్చాను. ప్రతి మార్చిలో ఇద్దరం కూర్చుని పాస్‌బుక్ చూస్తాం. చేతిలో ఆరు నెలల ఖర్చుకన్నా తగ్గితే ఆ వారమే అప్లికేషన్ పెట్టాలి, వాదన లేదు. ఈ మార్చికి పదమూడు నెలల ఖర్చు ఉంది.